వంతెనల ఆలస్య చరిత్ర

గుంటూరు పట్టణమెరిగినవారికి శంకర్‌విలాస్ వంతెనను పరిచయము చేయ నక్కరలేదు. ఒక హోటలు పేరు కూడలికిని, కూడలి పేరు వంతెనకును సంక్రమించినవి. ఈ నామకరణములో ప్రభువుల ప్రమేయమేమియు లేదు; కాఫీ త్రాగవచ్చిన జనులే ఆ పేరు పెట్టుకొనిరి. 1958వ సంవత్సరమున కట్టబడిన యా వంతెన అరువదియేడు వేసవుల యెండలను భరించి, 2025 ఆగస్టు మాసమున మూయబడెను. దాని స్థానమున నాలుగు వరుసల క్రొత్త వంతెనను కట్టుటకై కేంద్రప్రభుత్వపు రహదారుల నిధినుండి సుమారు 98 కోట్ల రూపాయలు కేటాయింపబడినవి. ఆ యేట మే మాసముననే శంకుస్థాపన జరిగెను.

పాత వంతెన ఇరుకైనదనుటలోను, దానిని మార్చవలసి యుండెననుటలోను మాకు సందేహము లేదు. పట్టణము ఎంతగానో పెరిగినను వంతెన మాత్రము ఎడ్లబండ్ల కాలపు వెడల్పుననే యుండెను. వివాదమంతయు క్రమమును గూర్చినది. ముందు చేయవలసినదేది? వెనుక చేయవలసినదేది? పట్టాల క్రిందుగా మొదట నొక దారి ఏర్పరచి, జనులు దానికి అలవాటుపడిన పిమ్మట పై వంతెనను కూల్చుడని కొందరు వర్తకులును పౌరులును కోరిరి. కొందరు న్యాయస్థానమును గూడ ఆశ్రయించిరి. ఇది పెద్ద శాస్త్రచర్చ కాదు. ఇల్లు మరమ్మతు చేయించుకొను గృహస్థుడెవ్వడైనను ముందుగా తన బిడ్డలను ఎచ్చట పరుండబెట్టవలెనో ఆలోచించును. పిమ్మటనే కప్పు విప్పించును.

వంతెన మూసిన మరువారము మా తరగతిలో మొదటి గంటకు పదునలుగురు బాలురు లేరు. ఒక్కొక్కరే తలుపుకడకు వచ్చి నిలువసాగిరి. ఏడవ తరగతి చదువు పిల్లవాడొకడు చొక్కా తడిసి ముద్దయై వచ్చి, "మాస్టారండీ, మూడు వంతెనల కాడ నీళ్ళు నిలిచాయండి. ఆటో ఆగిపోయిందండి. నడిచొచ్చానండి" అని చెప్పెను. వాని తండ్రి మిర్చి యార్డులో ముఠా కూలీ. మేము ఇరువది యేండ్లుగా ఆలస్యముగా వచ్చువారిని బల్లపై నిలుచుండబెట్టుచున్నాము. ఆనాడు ఆ శిక్ష విధింప మాకు నోరు రాలేదు. ఆలస్యము చేసినది వాడు కాడు. అయినచో నెవరు? ఈ ప్రశ్నయే మమ్ము ఈ వ్యాసమునకు పురికొల్పినది.

మన పట్టణము రెండుగా చీలియుండుటకు కారణము ఇనుపదారి. 1876–78 సంవత్సరముల మహాక్షామము తరువాత, కరవు సీమలకు ధాన్యము చేరవేయుటకు రైలుదారులు ఆవశ్యకములని తోచి, పందొమ్మిదవ శతాబ్దపు చివరి పాదమున గుంతకల్లునుండి నంద్యాల, కంభము, నరసరావుపేటల మీదుగా గుంటూరునకును, అచ్చటినుండి కృష్ణ దక్షిణపుటొడ్డునకును మీటరు గేజి దారిని వేసిరి. 1893లో కృష్ణపై రైలు వంతెన పూర్తియైన పిమ్మట బెజవాడ పెద్ద కూడలి యయ్యెను. తరువాత 1916లో తెనాలినుండి వెడల్పు పట్టాల దారి వచ్చి గుంటూరు చేరెను. నల్లరేగడి నేలల పత్తి బోరెములును, పొగాకును, మిరపకాయల బస్తాలును ఈ దారులవెంటనే లోకమునకు పోయినవి. పట్టణమునకు సిరి తెచ్చినది రైలే. అయినను, రైలు వచ్చునాటికి ఊరు దానికొక ప్రక్కనే యుండెను. తరువాతి కాలమున ఆంగ్లేయోద్యోగుల పేర వెలసిన బ్రాడీపేట, అరండల్‌పేటలు రెండవ ప్రక్కన పెరిగినవి. న్యాయవాదులు, వైద్యులు, విద్యార్థులు ఒక ప్రక్క. పాత బజారులు, పెద్ద ఆసుపత్రి మరియొక ప్రక్క. నడుమ పట్టాలు. గేటు వేసిరన్నచో రెండు గుంటూరులును ఒకదానినొకటి చూచుచు నిలువవలసినదే. ఈ నిరీక్షణనుండి 1958 నాటి వంతెన జనులను విడిపించెను. అది కట్టిన కాలమునకు ఆంధ్రప్రదేశ రాష్ట్రము పుట్టి రెండేండ్లయినను కాలేదు, లేదా అప్పుడప్పుడే యగుచుండెను. క్రొత్త రాష్ట్రపు ఉత్సాహము ఆ సిమెంటులో కొంత కలసియుండెనని మా తండ్రిగారి తరమువారు చెప్పుచుండిరి.

ఇక, ఇనుపదారిమీద వంతెన కట్టుట ఏల ఇంత కష్టము? నదిపై వంతెనకు నది యొక్కటియే యజమాని. దానికి దస్త్రములు లేవు. పట్టాలపై వంతెనకు యజమానులు అనేకులు. సాధారణముగా పట్టాలకు సరిగా పైనున్న భాగము రైల్వేవారి యధికారములోనిది. ఇరుప్రక్కల ఏటవాలుగా దిగు దారులు రాష్ట్రపు రహదారులు భవనముల శాఖవారివి. ఆ దారులకు కావలసిన స్థలమును సేకరించి యిచ్చువారు రెవిన్యూశాఖవారు. ఆ స్థలము క్రింద నీటి గొట్టములు, మురుగు గొట్టములు నగరపాలక సంస్థవి. పైనను క్రిందను పోవు తీగెలు విద్యుత్ సంస్థవి. టెలిఫోను తీగెలు నలుగురైదుగురు కంపెనీలవారివి. వాహనములను మరలించువారు పోలీసువారు. వీరందరికిని వేరువేరు పద్దులు, వేరువేరు పై యధికారులు, వేరువేరు ఆర్థిక సంవత్సరపు చింతలు.

మొదట వంతెన యాకారము నొక పటముగా గీసి రైల్వేవారి యంగీకారము పొందవలెను. పూర్వము ఆవిరియంత్రముల కాలమున వంతెన క్రింద పొగ పట్టునంత యెత్తున్నచో చాలియుండెను. నేడు పట్టాలపై ఇరువదియైదువేల వోల్టుల విద్యుత్తీగె పోవుచున్నది. దానికి పైని కొంత యెడముండవలెను. ఆ యెడము కొఱకు వంతెన నడుము పైకి లేచును. నడుము లేచినచో ఏటవాలు పొడవగును. ఏటవాలు పొడవైనచో అదనముగా మరికొన్ని దుకాణముల ముందరిభాగములు కావలసివచ్చును. ఇట్లు పట్టాలపైనున్న తీగె ఎత్తు, అచ్చటికి చాలదూరమున నున్న మందుల దుకాణదారుని అన్నమునకు సంబంధించినదగును. ఈ గొలుసును మొదటనే చూడగలిగినవాడు ఇంజనీరు. చూడనివాడు పటమును మరల మరల దిద్దుచుండును. దిద్దినప్పుడెల్ల అది మరల రైల్వే కార్యాలయమునకు పోయి రావలెను.

పట్టాలపై దూలములు నెక్కించుటకు రైళ్ళను కొన్ని గంటలు నిలుపవలెను. దానిని వారు బ్లాకు అందురు. అది తరచుగా నడిరాత్రి రెండు మూడు గంటలు మాత్రమే దొరకును. ఆ రాత్రి క్రేను సిద్ధముగా లేకున్నను, దూలము సిద్ధముగా లేకున్నను, విద్యుత్తు నిలుపువాడు రాకున్నను ఆ బ్లాకు వ్యర్థము. మరియొకటి దొరకువరకు కాచుకొనవలెను. పండుగల రద్దీలో అది దొరకదు. ఇన్నిటిపై రైల్వే భద్రతా కమీషనరుగారి యనుమతి కావలెను. చదువరులు వినోదింపదగిన విషయమొకటి కలదు. ఈ భద్రతాధికారి రైల్వే మంత్రిత్వశాఖకు లోబడినవాడు కాడు. పౌరవిమానయాన శాఖకు లోబడినవాడు. మొదట విన్నవారు నవ్వుదురు. కాని రైళ్ళు నడపువారే రైళ్ళ దోషములను విచారింపరాదను న్యాయబుద్ధి దానిలో నున్నది. అనేకులు యజమానులగుట యెల్లప్పుడును దోషము కాదనుటకు ఇదియే నిదర్శనము. పరీక్షించువాడు వేరుగా నుండవలసినదే. చేయువారు పదిమంది వేరువేరుగా నుండుటయే చిక్కు.

పాఠశాలలో మేము ప్రతి జూను మాసమునను కాలపట్టిక వ్రాయుదుము. తెలుగు ఉపాధ్యాయుడు, గణితోపాధ్యాయుడు, వ్యాయామోపాధ్యాయుడు తమతమ గంటలు తాము నిర్ణయించుకొన్నచో ప్రతివాని పట్టికయు నిర్దోషముగానే యుండును. తరగతిగదిలో మాత్రము ఒకే గంటకు ముగ్గురు చేరుదురు, లేదా ఎవ్వరును ఉండరు. మన పట్టణముల వీధులలో జరుగుచున్నది ఇదియే. ఏ శాఖనడిగినను తమ పని సకాలమున జరిగినదనియే చెప్పును. వారు చెప్పునది అబద్ధము కాదు.

మేము కాపురముండు వీధి సంగతి చెప్పినచో మీ వీధి సంగతి మీకు జ్ఞప్తికి రాగలదు. కొన్నియేండ్ల క్రిందట వేసవిలో మా వీధికి నల్లని తారు పరచిరి. వీధి బాలురు ఆ సాయంకాలమే దానిపై బంతియాట మొదలిడిరి. మా ఇంటివారు వాకిట నీళ్ళు చల్లి ముగ్గువేయ మట్టినేల లేదే యని కొంత చిన్నబుచ్చుకొన్నను, దుమ్ము తగ్గినదని సంతసించిరి. మూడు వారములు గడువకముందే నీటి గొట్టము కొఱకు వీధి నడుమ త్రవ్విరి. అది పూడ్చిన రెండు నెలలకు మరియొకరు తీగెల కొఱకు ప్రక్కన త్రవ్విరి. మేము త్రవ్వువానిని, "నాయనా, ముందే వచ్చియుండరాదా?" అని యడిగితిమి. "మాకు ఆర్డరు నిన్ననే వచ్చిందండి" అని వాడు మర్యాదగా బదులు చెప్పెను. పట్టణమంతటికిని ఇట్టి యనుభవము పెద్దయెత్తున కలిగినది. గత దశాబ్దములో కేంద్రసహాయముతో ప్రారంభమైన భూగర్భ మురుగుకాలువల పథకము సగములో నిలిచిపోగా, త్రవ్విన వీధులు త్రవ్వినట్లే చాలకాలము పడియుండుట గుంటూరువారు మరచియుండరు.

ఆలస్యమనగా అసౌకర్యమే కదా యని తేలికగా తలచువారికి మన కృష్ణానది చరిత్రము వినిపింపవలెను. బెజవాడ కడ కృష్ణకు ఆనకట్ట కట్టవచ్చునని 1792లోనే బీట్సన్ అను సైనికోద్యోగి సూచించెను. ఆ సూచన దస్త్రములలో నిదురించెను. 1832–33లో గుంటూరు మండలమును డొక్కల కరవు పట్టుకొనెను. అయిదు లక్షల జనములో రెండు లక్షలకు పైగా నశించిరని లెక్కలు చెప్పుచున్నవి. ఎండి వీధులలో పడిన శవముల డొక్కలను బట్టియే ఆ కరవునకు ఆ పేరు వచ్చెనందురు. నీరు ప్రక్కనే సముద్రమునకు పోవుచుండెను. ఆ పిమ్మట కూడ సర్వేలు, అంచనాలు, ఉత్తర ప్రత్యుత్తరములు సాగి, తుదకు 1852లో పని ప్రారంభమై, ఆర్ అను ఇంజనీరు పర్యవేక్షణమున 1855లో ఆనకట్ట పూర్తియయ్యెను. కట్టుటకు పట్టినది మూడేండ్లు. కట్టవలెనా వలదా యని నిశ్చయించుటకు పట్టినది అరువదియేండ్లు. ఈ నిష్పత్తి మన దేశములో నేటికిని అంతగా మారలేదని మా భయము.

ఆ యానకట్టకు 1952లో గండి పడినది. దాని స్థానమున 1954–57 మధ్య ప్రకాశము బారేజి కట్టిరి. దానిపైననే రోడ్డు వేయుటచేత గుంటూరు, బెజవాడలకు రోడ్డు వంతెన కుదిరినది. అంతకుముందు రైలెక్కవలెను, లేదా పడవ యెక్కవలెను. నీటిపారుదలవారును రహదారులవారును ఒకే రాతిపై తమతమ ప్రయోజనములను సాధించిన యీ కట్టడమును చూచినప్పుడెల్ల, శాఖలు కలసి పనిచేయుట అసంభవమనువారి మాట మేము నమ్మజాలకున్నాము.

అదే బారేజి చెంత, ఇంద్రకీలాద్రి పాదమున, దీనికి విరుద్ధమైన యుదాహరణమును కలదు. కనకదుర్గ వంతెన యని జనులు పిలుచు ఆరు వరుసల పై వంతెనకు 2015 డిసెంబరులో శంకుస్థాపన చేసిరి. 2016 ఆగస్టులో కృష్ణాపుష్కరములు రానుండెను. అప్పటికి వంతెన సిద్ధమగునని ప్రకటించిరి. రెండున్నర కిలోమీటర్లకు మించిన వంతెన, అందును ఒక ప్రక్క కొండ, మరియొక ప్రక్క నది, నడుమ డెల్టాకు నీరిచ్చు కాలువ, పైని నిత్యము వేలకొలది భక్తులు, క్రిందుగా హైదరాబాదు రహదారి వాహనములు! ఎనిమిది మాసములలో దీనిని పూర్తి చేయుదుమనుట ఇంజనీర్లు చెప్పిన మాట కానేరదు; పంచాంగము చెప్పిన మాట. కాలువకడ పాతవలసిన స్తంభములకు కాలువలో నీరు నిలిపిన కాలము కావలెను. కాలువ నిలుపుట సేద్యపు కాలమును బట్టియుండునే గాని వంతెన కంట్రాక్టరు సౌకర్యమును బట్టి యుండదు. పుష్కరములు వచ్చినవి, పోయినవి; భక్తులు సగము లేచిన స్తంభముల నడుమ నడచి స్నానములు చేసి మరలిరి. గడువు మీద గడువు మారెను. ప్రభుత్వము మారెను. మహమ్మారి వచ్చెను. తుదకు 2020 అక్టోబరు 16న వంతెనను తెరచిరి. కట్టడము మాత్రము చక్కనిది. మేము మొదటిసారి దానిపై పోవునప్పుడు కొండకును నదికిని నడుమ వంపు తిరిగిన ఆ మార్గమును చూచి ఆనందించితిమి. మా యభ్యంతరము కట్టడముపై కాదు. ఎనిమిది మాసములని చెప్పి అయిదేండ్ల వరకు జనులను రేపు రేపని త్రిప్పుటపై. నాలుగేండ్లు పట్టునని మొదటనే చెప్పియుండినచో భవానీపురపు చిల్లరవర్తకుడు తన కొట్టును మరియొక చోటికి మార్చుకొని యుండెడివాడు.

వీధి యొక్కటియై యజమానులు ఇరువురైనచో నేమగునో ట్రాముబండ్ల చరిత్రము మరింత విశదముగా తెలుపును. ఆంధ్రదేశపు పట్టణములలో ట్రాములు లేవు గాని, తెలుగువారికి చెన్నపట్టణపు ట్రాములు చిరపరిచితములు. అప్పుడు మన విద్యార్థులు, గుమాస్తాలు, పత్రికారచయితలు అచ్చటనే యుండిరి గదా. 1895 మే నెలలో చెన్నపట్టణమున విద్యుత్తుతో నడచు ట్రాము ప్రారంభమయ్యెను; భారతదేశమున అదియే మొదటిది. మొట్టమొదట విద్యుత్తును నేలలో త్రవ్విన గాడి ద్వారా అందించిరి. చెన్నపట్టణపు తుపాను వాన వీధులను ముంచినప్పుడు ఆ గాడిలో నీరు నిండి బండ్లు నిలిచిపోయెడివి. వాననీటి కాలువల సంగతి ఒకరిది, గాడి సంగతి వేరొకరిది. తుదకు గాడిని విడిచి, పైని తీగెలు కట్టుకొనవలసి వచ్చెను. కంపెనీ నష్టముల పాలై, 1953 ఏప్రిల్ 12న ఆ ట్రాములు శాశ్వతముగా నిలిచిపోయినవి. ఆ సంవత్సరముననే అక్టోబరు మాసమున మన యాంధ్రరాష్ట్రమును ఏర్పడి, చెన్నపట్టణముతో మనకు గల పాలనా సంబంధమును తీరిపోయినది.

ఇంగ్లండు దేశపు 1870 నాటి ట్రాముల చట్టము ఈ విషయమున పరికింపదగినది. పట్టాల నడుమ నేలను, పట్టాలకు ఇరువైపుల పదునెనిమిది అంగుళముల నేలను ట్రాము కంపెనీయే బాగుచేయవలెనని ఆ చట్టము విధించెను. తక్కిన వీధి పురపాలక సంఘమునది. గుఱ్ఱములు బండ్లు లాగు కాలమున ఈ యేర్పాటు న్యాయమే. గుఱ్ఱపు గిట్టలు ఆ నేలను చెరచెడివి. విద్యుత్తు వచ్చి గుఱ్ఱములు పోయినను చట్టము పోలేదు. మోటారుబండ్లు వీధిని చెరచుచుండ, ట్రాము కంపెనీ ధనమిచ్చి వానికి దారి బాగుచేయవలసి వచ్చెను. ఇంతేకాదు. ఇరువదియొక్క యేండ్లు గడచిన పిమ్మట పురపాలక సంఘము ఆ కంపెనీని కొనవచ్చునని అదే చట్టములో నుండెను. గడువు సమీపించుకొలది కంపెనీ క్రొత్తపట్టాలు వేయుట మానుకొనెడిది: రేపు పరులది కానున్న దారికి నేడు మనమేల వెచ్చింపవలెను? పురపాలకులును ఊరకుండిరి: ఇంకను మనది కాని దారి మనకేల? ఇరువురి లెక్కయు సరియైనదే. పట్టాలు మాత్రము అరిగిపోయినవి. ఈ విధముగా దుర్బుద్ధి యెవ్వరికిని లేకయే ఒక సార్వజనిక వస్తువు పాడగుట మాకు మిక్కిలి విచారకరముగా తోచును. దుష్టుడున్నచో వానిని తొలగింపవచ్చును. ఇచ్చట తొలగించుటకెవ్వరును లేరు.

ఈ చిక్కు ధనికదేశములను విడిచిపెట్టలేదు. మన తెలుగువారు వేలకొలది కాపురముండు కెనడా దేశపు టొరంటో నగరమున క్వీన్, కింగ్ మొదలగు వీధులు కలియు నొక పెద్ద ట్రాము కూడలిని 2021లో త్రవ్విరి. నీటి గొట్టములు, మురుగు గొట్టములు, పట్టాలు, విద్యుత్తీగెలు ఒక్కొక్కటి ఒక్కొక్కరి వంతు. అనుకొన్న గడువు దాటిపోయి, ఏండ్ల తరబడి అచ్చటివారు ట్రాములకు బదులు బస్సులెక్కి తిరిగిరి. అచ్చట నున్న మా పూర్వవిద్యార్థి యొకడు ఉత్తరములో, "మన ఊరు జ్ఞాపకం వచ్చింది మాస్టారూ" అని వ్రాసెను. అతడు నిందించెనో, బెంగపడెనో మాకు తెలియలేదు.

వంతెన విషయమున 2018వ సంవత్సరము రెండు విపత్తులను చూచినది. ఆగస్టు 14న ఇటలీ దేశపు జెనోవా నగరమున మొరాండి వంతెన కూలి నలువది ముగ్గురు మరణించిరి. మూడు వారములకే, సెప్టెంబరు 4న, కలకత్తాలో పట్టాలపైనున్న మాఝేర్‌హాట్ వంతెన కూలి ముగ్గురు మరణించిరి. జెనోవాలో నగరాధ్యక్షుని ప్రత్యేకాధికారిగా నియమించి, అన్ని యనుమతులకును ఆయననే బాధ్యుని చేసిరి. 2020 ఆగస్టులో, సరిగా రెండేండ్లకు, క్రొత్త వంతెనను తెరచిరి. కలకత్తాలో రాష్ట్రప్రభుత్వమును రైల్వేవారును అనుమతుల విషయమున ఒకరినొకరు నిందించుకొనిరి. తమ యనుమతి కొఱకు తొమ్మిది మాసములు నిరీక్షింపవలసి వచ్చెనని రాష్ట్రమువారనిరి. తప్పు తమది కాదని రైల్వేవారనిరి. ఆ వంతెన 2020 డిసెంబరు 3న తెరువబడెను. ఈ రెండింటిని ప్రక్కప్రక్కన పెట్టి మన దేశమును గేలిచేయుట కొందరికి ఇష్టము. నిజమునకు తేడా నాలుగు నెలలే. జెనోవా వంతెన పొడవైనదనియు ఒప్పుకొనవలెను. మమ్ము ఆలోచింపజేసినది కాలము కాదు. జెనోవాలో ఆలస్యమైనచో అడుగుటకు ఒక మనుష్యుడుండెను. కలకత్తాలో ఇరువురుండిరి, కావున ఎవ్వరును లేకుండిరి.

కలకత్తా విపత్తుకు ట్రాములును బలియైనవి. ఆ పిమ్మట నగరమందలి పాతవంతెనల నన్నిటిని పరీక్షించి, వానిపై పట్టాల బరువు తగదని పెక్కు చోట్ల ట్రాములను ఆపివేసిరి. వంతెనల శాఖ తన వంతెనను రక్షించుకొనెను. దానిపై నెక్కి పనికి పోవు బీదవాడు ఏ శాఖవాడు?

ప్రజల పక్షమున అడుగువాడు నగరసభలో నుండవలెను. గుంటూరునకు పురపాలక సంఘము 1866లోనే యేర్పడెను. 1994లో నగరపాలక సంస్థయయ్యెను. రాజ్యాంగమునకు 1992లో చేసిన డెబ్బదినాలుగవ సవరణ పట్టణములకు స్వపరిపాలనాధికారమును స్థిరపరచినది. అయినను 2005లో ఎన్నికైన మా నగరసభ కాలము 2010తో తీరగా, మరల ఎన్నిక జరిగినది 2021 మార్చి మాసముననే. నడుమ పదునొకండు సంవత్సరములు పట్టణమును ఉద్యోగులే పాలించిరి. వారిలో సమర్థులనేకులు. కాని బదిలీ యగు నుద్యోగికి వీధి మూసివేత ఒక దస్త్రము. ఆ వీధిలో వోటడుగవలసినవానికి అది ఒక ముఖము. భూగర్భ కాలువల పథకము ఈ నడిమికాలముననే ఆరంభమై నిలిచిపోయెననుట యాదృచ్ఛికమో కాదో చదువరులే నిర్ణయింతురు గాక.

మేము ఇంజనీర్లము కాము. అయినను పన్ను చెల్లించువారము గనుక కొన్ని ప్రశ్నలడుగ హక్కున్నది. వంతెన మూయుటకు ముందు ఏయే శాఖ ఏ తేదీకి తన గొట్టములను తీగెలను తొలగించునో ఒక్క కాగితముపై వ్రాసి, శంకర్‌విలాస్ కూడలిలో అంటించుటకు ఎంత వ్యయమగును? మళ్ళించిన దారులగు కంకరగుంట, నెహ్రూనగరు, డొంకరోడ్డు చోట్ల వాన నీరు నిలువకుండ మొదట బాగుచేయుట మూసివేత పనిలో భాగము కాదా? టెండరులో వంతెన ఖరీదు లెక్కింతురు. వంతెన లేని మాసముల ఖరీదు ఏ పద్దులో వ్రాయుదురు? ప్రభుత్వ సర్వజనాసుపత్రి ఆ వంతెనకు చేరువనే యున్నది. గుంటూరు మండలమునకే కాక ప్రకాశము, పల్నాటి పల్లెలకు గూడ అదియే పెద్ద దిక్కు. పురుటి నొప్పులు పడు స్త్రీని ఎక్కించుకొని వచ్చు ఆటో చుట్టు తిరిగి గేటుకడ నిలిచిన పది నిమిషముల వెల ఏ ఇంజనీరు అంచనాలోను కనబడదు. జనవరి మొదలు ఏప్రిలు వరకు మిర్చి యార్డునకు టిక్కీలతో లారీలు బారులు తీరును. ఆ కాలమున నగరపు దారులలో ఒక్కటి తగ్గినను ఆ బరువు తక్కినవానిపై బడును. ఇది ప్రతి యేటను వచ్చునదే గాని ఆకస్మికము కాదు. పని కాలపట్టిక వ్రాయువారు పుష్కరముల తేదీనే కాక మిరపకోతల తేదీని గూడ చూడవలెను.

బెజవాడలో మెట్రోరైలు మార్గమును, జాతీయ రహదారి పై వంతెనను ఒకే స్తంభముల వరుసపై రెండంతస్తులుగా కట్టవలెనని ఇటీవల ఆలోచనలు సాగినవి. నాగపురమున అట్టివి కట్టియున్నారు. వినుటకు ఇంపైన యోచనయే. రెండుమారులు త్రవ్వవలసిన వీధిని ఒక్కమారే త్రవ్వుదురు. కాని ఆ స్తంభమునకు పగులు వచ్చిననాడు ఎవరు బాగుచేయవలెనో ఇప్పుడే వ్రాసికొనుట మంచిది. పదునెనిమిది అంగుళముల కథ చదివినవారు దానిని మరువరాదు.

ఆలస్యముగా వచ్చిన ఆ బాలుని సంగతి మరల కనుగొంటిమి. ఇప్పుడు వాడు ఇంటినుండి ఏడు గంటలకే బయలుదేరుచున్నాడట. వాని తల్లి పొయ్యి నాలుగున్నరకే ముట్టించుచున్నది. కొన్ని దినములు వాడు దగ్గరి దారియని పట్టాలు దాటి వచ్చుచున్నాడని తోటిపిల్లలు చెప్పగా పిలిచి మందలించితిమి. "ఇంక దాటనండి" అని మాట యిచ్చెను. ఆ సాయంకాలము బడి విడిచిన పిమ్మట మేమును కూల్చిన వంతెన యంచువరకు నడచి, పట్టాల కావలి యొడ్డున నున్న ఆసుపత్రి గోడను కొంతసేపు చూచి, చుట్టు తిరిగి యింటికి వచ్చితిమి. నలుబది నిమిషములు పట్టినది.